బ్యాచిలర్లను ఖాళీ చేయించే ముందు: మా అపార్ట్‌మెంట్ సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్ష కార్యదర్శులకూ, కార్యవర్గానికీ, పొద్దున్నే వాకింగ్ అయ్యాక వేపచెట్టు కింద బెంచీల దగ్గర చేరే నా ఈడువాళ్లందరికీ నమస్కారం.

లిఫ్టు పక్కన బోర్డు మీద అంటించిన ఎజెండా చూశాను. నాలుగో అంశం: పెళ్లికాని వాళ్లకి ఫ్లాట్లు అద్దెకివ్వకూడదు, ఇప్పటికే ఉన్నవాళ్లు మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలి. అయిదో అంశం: జనవరి 12న, వివేకానందుడి జయంతి రోజున, 'నేటి యువత - దిగజారుతున్న విలువలు' అని కమ్యూనిటీ హాల్లో సభ. వక్తల్లో నా పేరు కూడా ఉంది. నన్ను అడక్కుండా వేశారని అనను. కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు క్రికెట్ చూస్తూ సరే అన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కారణం మీటింగులోనే చెబుదామనుకున్నా గానీ, మన మీటింగుల్లో నీళ్ల ట్యాంకర్ల బిల్లు దగ్గరే గంటన్నర అయిపోతుంది. అందుకే ఇలా రాసి, మీ నోటీసు పక్కనే అంటిస్తున్నాను. గ్రూపులో కూడా పెడతాను. గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్యలో కనిపిస్తే చదవండి.

నేను 1980లో బ్యాంకులో క్లర్కుగా చేరి, 2018లో మేనేజరుగా రిటైరయ్యాను. నాకు బాగా తెలిసినవి లెక్కలే. విలువల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు పుస్తకాలు తీద్దాం.

నాకు ఉద్యోగం ఎలా వచ్చిందో మొదట చెబుతాను. 1969లో 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్లో ఇంకో 6 బ్యాంకులు జాతీయం చేశారు. అంతకుముందు బ్యాంకు మొహం చూడని ఊళ్లలో కూడా బ్రాంచీలు తెరిచారు. వాటిలో కూర్చోడానికి మనుషులు కావాలి కదా. పరీక్ష పెట్టారు, రాశాను, వచ్చింది. బీకాంలో నాది సెకండ్ క్లాసు, అదీ అంచుల మీద. కాలేజీ ఫీజు మా నాన్న ఒక బస్తా ధాన్యం అమ్మి కట్టేసేవాడు. చాలాకాలం నా ప్రతాపం వల్లే ఉద్యోగం వచ్చిందని అనుకునేవాణ్ణి. తలుపులు బార్లా తీసి పెట్టిన రోజుల్లో నేను గుమ్మంలో ఉన్నానని, మా అబ్బాయి ఉద్యోగం కోసం తిరిగేటప్పుడు గాని తెలిసిరాలేదు. వాడు డిగ్రీకొచ్చే వేళకి మా బ్యాంకులే వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద విరమణ, ఇచ్చి ఉన్నవాళ్లని ఇంటికి పంపుతున్నాయి.

నా మొదటి జీతం, చేతికి ఏడు వందల చిల్లర. ఆ ఏడాది బంగారం పది గ్రాములు 1,300 చిల్లర. అంటే నెల జీతానికి అయిదు గ్రాములు వచ్చేది. మన 302లో ఉంటున్న నలుగురిలో ఒక కుర్రాడు ఇంజనీరింగ్ చదివి ఐటీ కంపెనీలో చేరాడు. ఏడాదికి మూడున్నర లక్షలు. పీఎఫ్ అవీ పోగా చేతికి ఇరవై ఆరు వేలు. 2025లో బంగారం పది గ్రాములు లక్ష దాటేసింది. తిండి, అద్దె మానేసి జీతమంతా పెట్టినా ఆ రేటుకి రెండున్నర గ్రాములు. ఐటీలో కొత్తగా చేరేవాళ్లకిచ్చే ఆ మూడున్నర లక్షలు ఏళ్ల తరబడి అటూ ఇటూ అక్కడే ఉన్నాయి. ధరలు పెరిగితే మనకి డీఏ పెరిగేది. నాకు అయిదేళ్లకోసారి వేతన ఒప్పందం, మాస్టర్లకి జీతాలు సవరించే పీఆర్సీ. నాన్చినా, చివరికి ఇచ్చేవాళ్లు.

బంగారంతో కొలవడం అన్యాయమని కరెంటు డిపార్ట్‌మెంటులో చేసిన మన మిత్రుడు మొన్న బెంచీ మీద అన్నారు. ఒప్పుకుంటాను. బియ్యంతో కొలిస్తే ఆ కుర్రాడే నాకంటే మెరుగు. టీవీతో కొలిస్తే మరీను. 1984లో నేను కొన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి దాదాపు మూడు నెలల జీతం పోశాను. వీధంతా మా ఇంట్లోనే చిత్రలహరి చూసేది. గ్యాస్ కనెక్షన్‌కి ఏళ్ల తరబడి ఎదురుచూశాం, స్కూటర్‌కి ముందే డబ్బు కట్టి లైన్లో నిలబడ్డాం. ఇంటికి ఫోను వచ్చేదాకా ఎదురింటి వాళ్ల నంబరు పక్కన పీపీ అని, అంటే వాళ్లు పిలిస్తే వచ్చి మాట్లాడతామని, రాసుకున్నాం. ఇవాళ వాటిలో ఏదీ ఒక పెద్ద విషయం కాదు. చవకైపోయినవన్నీ ఇలా చేతిలో పట్టుకు తిరిగేవే, కంటికి కనిపించేవే. ఇరవై వేల ఫోను, మూడు వందల కాఫీ, బైకు. మనం చూసేది అవే. చూసి, దుబారా అంటాం.

కనిపించనిది ఇల్లు. ఈ ఫ్లాటు నేను 2003లో తొమ్మిది లక్షలకి కొన్నాను. అప్పటి నా జీతంతో లెక్కేస్తే నాలుగేళ్ల సంపాదన. అప్పు స్టాఫ్ రేటుకి, బయటివాళ్లు కట్టే వడ్డీకంటే చాలా తక్కువకి దొరికింది. ఇదే బిల్డింగులో అంతే సైజు 204 మొన్న తొంభై లక్షలకి అమ్ముడుపోయింది. 302 కుర్రాడి జీతంతో అది పాతికేళ్ల పైమాట. 204 రేటు విన్న రోజు బెంచీల మీద మన మొహాలు వెలిగిపోయిన సంగతి నాకు గుర్తుంది, నా మొహం కూడా వెలిగింది. ఆ సాయంత్రమే ఎవరో 'ఈ కాలం పిల్లలకి ఒక ఇల్లు కట్టుకుందామన్న ధ్యాసే లేదండీ' అన్నారు. ఎవరో కాదు, నేనే అన్నాను.

పొదుపు గురించి మనం చెప్పే గొప్పలు కూడా కాస్త సరిచూసుకోవాలి. 1988లో కిసాన్ వికాస్ పత్రం వచ్చినప్పుడు పెట్టిన డబ్బు అయిదున్నరేళ్లకి రెట్టింపయ్యేది. పోస్టాఫీసులో అదే పత్రం ఇవాళ తీసుకుంటే 115 నెలలు, అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు ఆగాలి. పీపీఎఫ్‌లో 12 శాతం వడ్డీ మనం తీసుకున్నాం, ఇప్పుడు 7.1. అప్పట్లో ధరలు కూడా బాగానే పెరిగేవి కాబట్టి ఆ 12 శాతం కనిపించినంత లావు కాదని బ్యాంకువాణ్ణి గనక చెప్పాలి. అయినా, ఏమీ తెలియని మా అమ్మ కూడా పోస్టాఫీసు పుస్తకం తలగడ కింద పెట్టుకుని నిద్రపోతే డబ్బు దానంతటదే పెరిగేది. వీళ్లకి ఆ సుఖం లేదు. మార్కెట్ నేర్చుకోవాలి, లేదా ఎవరో చెప్పింది నమ్మాలి.

పెన్షన్ మాట ఎత్తాలంటే కొంచెం ఇబ్బందిగా ఉంది, ఎందుకంటే మన బెంచీల మీద కూర్చునే పదకొండు మందిలో తొమ్మిది మందికి ఒకటో తారీఖుకల్లా అకౌంట్లో డబ్బు పడుతుంది. బతికినంతకాలం పడుతుంది, తర్వాత మన భార్యలకి పడుతుంది. కేంద్రంలో 2004 జనవరి 1 తర్వాత, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 తర్వాత, మా బ్యాంకుల్లో 2010 ఏప్రిల్ తర్వాత చేరినవాళ్లకి ఆ పాత పెన్షన్ లేదు. ఇక ప్రైవేటులో పనిచేసేవాళ్లకి ఈపీఎస్ అనే పీఎఫ్ వాళ్ల పెన్షన్ పథకం కింద కనీస పెన్షన్ నెలకి 1,000 రూపాయలు. మన మెయింటెనెన్స్ బిల్లు ఎంతో మీకు తెలుసు. 'మేం ఒకే ఉద్యోగంలో ముప్ఫై ఎనిమిదేళ్లు చేశాం, వీళ్లు రెండేళ్లకోసారి మారతారు, నిలకడ లేదు' అంటాం. నిలబడితే ఇచ్చేది ఏముందని నిలబడతారు? నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టింది నిలకడ కాదు, పెన్షన్. యూనియన్ లీడర్లకి ఇది వినడం నచ్చదు, వాళ్లూ నాలాంటివాళ్లే.

ఇప్పుడు విలువల దగ్గరికి వస్తాను. మీ సభలో తప్పకుండా వినిపించే వాక్యం ఒకటుంది: 'మా అమ్మానాన్నల్ని మేం చూసుకున్నాం, వీళ్లు మనల్ని చూడరు.' ఈ ఒక్క వాక్యం గురించి నేను చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను.

మా అమ్మ నాలుగేళ్లు మంచంలో ఉంది. అప్పుడు నాకు జూన్ క్లోజింగు, డిసెంబరు క్లోజింగు అంటే ప్రాణం మీదికొచ్చేది. రోజూ పుస్తకాలు టాలీ అయితేనే ఇంటికి. పది పైసలు తేడా వచ్చినా రాత్రి ఎనిమిదయ్యేది. ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ 'అమ్మ తిన్నదా?' అని అడిగేవాణ్ణి. నేను అమ్మని చూసుకోవడమంటే అదే. పక్క మార్చింది, ఒళ్లు తుడిచింది, పథ్యం వండి నోట్లో పెట్టింది, రాత్రి రెండింటికి లేచింది మా ఆవిడ. ఆమెకి టీచర్ ట్రైనింగ్ అయింది. ఒకసారి పోస్టింగు కూడా వచ్చింది. చేరొద్దని ఎవరూ అనలేదు. చేరమని కూడా ఎవరూ అనలేదు. ఆర్డరు కాయితం బీరువాలో పట్టుచీరల కింద చాన్నాళ్లు ఉండేది, ఇల్లు మారినప్పుడు కనిపించకుండా పోయింది. అమ్మ పోయాక చుట్టాలంతా నన్ను 'తల్లిని కళ్లలో పెట్టుకుని చూశాడు' అన్నారు. నేను కాదనలేదు.

మా చెల్లెలి సంగతి కూడా రాయాలి. 1976లో, పదహారో ఏట పెళ్లి చేసేశాం. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి పుట్టుకతోనే మగపిల్లాడితో సమానంగా వాటా వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకి వర్తించదన్నారు. ఆ మాట విని మేం ముగ్గురు అన్నదమ్ములం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. 2005లో కేంద్రం పెళ్లయిన ఆడపిల్లలకీ వాటా వచ్చేలా చట్టం మార్చే వేళకి మా పంపకాలు అయిపోయి, నేను నా వాటా అమ్మి ఈ ఫ్లాటులో పెట్టాను. నా పొదుపుతో కొన్నానని చెప్పే ఇంట్లో మా చెల్లెలి వాటా ఎంతుందో నేను ఎప్పుడూ లెక్క కట్టలేదు. మిగతా లెక్కలన్నీ కట్టాను కదా, ఇదొక్కటీ కట్టలేదు.

మరి 405లో ఉంటున్న ఇద్దరమ్మాయిలు? రాత్రి పదకొండింటికి క్యాబ్ దిగుతారని మనం వాచ్‌మన్ని అడిగి మరీ వివరాలు తెలుసుకున్నాం. అందులో పెద్దమ్మాయి వాళ్ల నాన్న మోకాలి ఆపరేషన్‌కి తన పీఎఫ్ తీసి ఇచ్చింది. ఇదీ వాచ్‌మనే చెప్పాడు, అది మాత్రం బెంచీల దాకా రాలేదు. మనం అయిదారుగురు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లం ఇద్దరు ముసలివాళ్లని పంచుకున్నాం. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బొమ్మ గోడల మీద చూసి, ఇద్దరు చాలనుకున్నది మనమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. రేపు 405 అమ్మాయీ, ఆమెని చేసుకోబోయేవాడూ కలిసి నలుగురు పెద్దవాళ్లని చూడాలి, ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూనే. ఆంధ్రలో 2024 నవంబరులో, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధన ఎత్తేసి, ఇక కనండి అంటున్నారు. కనొద్దన్నా, కనమన్నా ఆ పిల్ల ఎప్పుడు నిద్రపోతుందో మాత్రం ఎవరూ అడగలేదు.

నేను కుర్రాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి. 302 వాళ్లు బైకులు ర్యాంపుకి అడ్డంగా పెడతారు, నేనే రెండుసార్లు కేకలేశాను. లిఫ్టులో ఎదురుపడితే పలకరించరు, చెవుల్లో ఏవో పెట్టుకుని పైకి చూస్తారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది వాళ్ల అప్పులు. అయిదు నిమిషాల్లో లోన్ ఇస్తామనే యాప్‌ల వల్ల 2020 చివర్లో ఇక్కడ ఎన్ని ప్రాణాలు పోయాయో పేపర్లో చదివాం. ముప్ఫై ఎనిమిదేళ్లు అప్పులిచ్చినవాణ్ణి, అది అప్పు కాదు, ఉరి. ఇక షేర్ల ధర ఎటు పోతుందోనని పందెం కాసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆట. షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ 2024లో లెక్క తీస్తే, మూడేళ్లలో అందులో దిగిన మామూలు మనుషుల్లో 93 శాతం మందికి నష్టమే వచ్చింది. కుర్రాళ్లకి ఎవరైనా చెప్పాల్సింది ఉంటే ఇది చెప్పాలి.

కానీ చెప్పే నోరు మనదైతే వాళ్లు నవ్వుతారేమో. 1990ల్లో టేకు మొక్కల బాండ్లు ఎవరు కొన్నారు? వెయ్యి రూపాయలు కడితే ఇరవై ఏళ్లకి యాభై వేల చెట్టు మీ పేరు మీద ఉంటుందంటే, బొమ్మ వేసిన సర్టిఫికెట్టుని లామినేషన్ చేయించి దాచుకున్నవాళ్లు మన బెంచీల మీదే ముగ్గురున్నారు. మా బ్రాంచి అంతా కొన్నది. ఒక్క చెట్టు కూడా ఎవరూ చూడలేదు. అత్యాశ వీళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు, కాకపోతే మన రోజుల్లో దానికి కాయితాలు, స్టాంపులు ఉండేవి, సంతకాలకి టైం పట్టేది. ఇప్పుడు వేలు తగిలితే చాలు.

శబ్దం గురించి తీర్మానంలో రాశారు. 'బ్యాచిలర్ల వల్ల రాత్రివేళ అశాంతి' అని. ఒప్పుకుంటా, రెండు శనివారాలు పాటలు గట్టిగా పెట్టారు. చెబితే తగ్గించారు. ధనుర్మాసం నెల్లాళ్లూ మనం తెల్లవారుజామున అయిదింటికి మైకులో పాశురాలు పెడుతున్నాం. 302లో ఇద్దరికి అమెరికా టైములో పని, తెల్లవారుజామున నాలుగున్నరకి పడుకుంటారు. నిద్ర పట్టీ పట్టకుండా మన మైకు మోగుతుంది. వాళ్లు ఇంతవరకూ ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. పొద్దున మన వీడియోల మోత సరేసరి, కుర్రాళ్ల ఫోన్లకి ఇయర్‌ఫోన్లయినా ఉన్నాయి.

1980లో నా మొదటి పోస్టింగు ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరు. బ్యాంకు ఉద్యోగి అంటే మర్యాద ఉండేది గాని, గది మాత్రం ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. పెళ్లైందా బాబూ అనేవాళ్లు, లేదంటే 'చూసి చెబుతాం' అనేవాళ్లు. పన్నెండు రోజులు బ్రాంచిలోనే, రికార్డు రూములో, పాత లెడ్జర్ల మధ్య పడుకున్నాను. చివరికి ఒక మామ్మగారు వసారా గది ఇచ్చారు. రెండు షరతులు: నీసు వండకూడదు, తొమ్మిది దాటకూడదు. మొదటిది నిలబెట్టుకున్నాను. రెండోది నెలలోపే తప్పాను, సెకండ్ షోకి వెళ్లి. భయపడుతూ గోడ దూకుదామని వస్తే, గేటు గడియ తీసే ఉంది. పొద్దున్నే కాఫీ ఇస్తూ 'సినిమా బాగుందిట్రా అబ్బాయ్?' అంది. ఆవిడ పోయేదాకా సంక్రాంతికి ఏటా చీర పట్టుకెళ్లేవాణ్ణి. ఆ ఊళ్లో మామ్మగారి బదులు మనలాంటి కార్యవర్గం ఉండి ఉంటే, నేను ఆ రికార్డు రూములోనే ముసలివాణ్ణయ్యేవాణ్ణి.

కాబట్టి నేను కోరేవి ఇవి. నాలుగో అంశం ఎజెండాలోంచి తీసెయ్యండి. తియ్యకపోతే నా ఓటు వ్యతిరేకంగా పడుతుంది, అది మినిట్స్‌లో రాయించుకుంటాను. రాత్రి పదిన్నర తర్వాత పాటలు వద్దంటే వద్దనండి, పెళ్లైనవాళ్లకీ అదే రూలు పెట్టండి, మైకు సంగతి కూడా అందులోనే తేల్చండి. బైకులకి సెల్లారులో గీతలు గీయించండి, ఖర్చులో నా వంతు ముందే ఇస్తాను. జనవరి 12 సభకి వక్తల్లోంచి నా పేరు కొట్టెయ్యండి. సభ ఉండాలనుకుంటే 405 పెద్దమ్మాయిని మాట్లాడమని అడగండి. తీరిక లేదంటే ఊరుకోండి, బలవంతపెట్టకండి. మన బెంచీల వాళ్లలో సగానికి పైగా ఓటీపీ అడిగితే ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో తెలియదు. ఆ గంట అది నేర్పమని 302 వాళ్లని నేనే అడుగుతాను.

ఇంకొక్కటి. మీటింగు ఆదివారం పొద్దున పదకొండింటికని వేశారు. శనివారం రాత్రి షిఫ్టు చేసివచ్చిన కుర్రాళ్లు ఆ టైముకి నిద్రలో ఉంటారు. వాళ్ల గురించి తీర్మానం పెట్టి, వాళ్లు పడుకున్నప్పుడు చెయ్యెత్తడం బాగుండదు. సాయంత్రం ఆరుకి మార్చండి. టీ, మిరపకాయ బజ్జీలు నేను తెప్పిస్తాను.

ఇట్లు,
మీ తోటి ఓనరు, ఒకప్పటి బ్యాచిలరు